అర్ధశేరు పాల ఇల్లు

ఆ కాలంలో మా వంశానికి మిగిలిన స్థిరాస్తి నా వెన్నెముక ఒక్కటే. అది అమ్ముడుపోయేది కాదు, తాకట్టుకు పనికివచ్చేది కాదు, వంగేది అంతకంటే కాదు. తాతగారి దేవిడీ భవంతి, గుర్రాలు, ఊళ్లలోని భూములు నేను పుట్టకముందే ఒక్కొక్కటిగా చేతులు మారాయి. (ఎలా మారాయని అడగకండి. ఎవరైనా "మీవంటి వారు" అని మొదలుపెడితే చాలు, ఆ మాట పూర్తయ్యేలోపు తాతగారు సంతకం పెట్టేసేవారట.) ఇరవై రెండేళ్ల వయసులో నేను ఒక దఫ్తరులో నకళ్లు రాసుకుంటూ, అమ్మతో కలిసి దబీర్‌పురాలో రెండు గదుల్లో అద్దెకు ఉండేవాణ్ణి. ఆ ఇంటి యజమాని ఒకప్పుడు మా తాతగారి గుర్రాలకు మాలిష్ చేసిన మనిషి. మేము ఆయనను గుర్రాలాయన అనేవాళ్లం. అద్దె వసూలుకు వచ్చినప్పుడు కూడా చెప్పులు గడప అవతలే విడిచి "దొరా" అని పిలిచేవాడు. అద్దెకు చేయి చాచేవాడు ఆ పిలుపు పిలవకూడదు. ఒక నెల నేను నాలుగు రోజులు ఆలస్యం చేస్తే ఆయన నెమ్మదిగా, "ఫికర్ చేయకుండ్రి దొరా. మీ తాత ఉప్పు తిన్నోణ్ణి. ఇగ మీదికెల్లి కిరాయి వద్దు, గట్లనే ఉండుండ్రి" అన్నాడు. జీవితంలో నాకు అంతటి అవమానం జరగలేదు. "మంచిమాటే కదరా అన్నది" అంది అమ్మ. దసరా లోపల సొంత పొయ్యి మీద వండుకోకపోతే నేను ఈ వంశంలో పుట్టనట్టే అన్నాను. అమ్మ పెట్టె తెరిచి, తన వడ్డాణం తీసి నా ముందు పెట్టింది. అంతకు మించి ఆ పెట్టెలో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

వడ్డాణానికి రెండు వేల నాలుగు వందలు వచ్చాయి. ఏడాది ముందైతే దానితో ఇల్లు ఏరుకోవచ్చు. అంతకుముందు కొన్నేళ్లుగా శాలిబండలో తాళాలు తుప్పుపట్టిన ఇళ్లు ఎన్నో ఉండేవి, కొనే నాథుడు లేక. యుద్ధం మొదలైంది, పనులు వెతుక్కుంటూ జిల్లాల నుంచి జనం వచ్చారు, ఆ తాళాలన్నింటికీ నూనె పడింది. నెల నెలా ధర ఎక్కుతోంది. ఇంకో ఆరు నెలలు ఆగితే మా డబ్బుకు ఇల్లు కాదు, వరండా వస్తుంది.

అప్పుడు దొరికాడు పాలన్న. ఊళ్లో దలాళ్లందరూ అమ్మేవాడి దగ్గరా, కొనేవాడి దగ్గరా తినేవారు. పాలన్న కొనేవాడి మనిషి మాత్రమే. "ఇద్దరికాడ తినెటోడు ఎవ్వనికి కాడు" అనేవాడు. అసలు వృత్తి పాలు పోయడం. మా ఇంటికి రోజూ పావుశేరు పోసేది ఆయనే. పొద్దున బర్రెలు, మధ్యాహ్నం బేరాలు. ఆ మొదటి వృత్తే రెండో దానికి పెట్టుబడి. "ఇల్లు గోడ చూసి కొనద్దు దొరా, గిన్నె చూసి కొనాలె. రెండు శేర్లు పోసుకునే ఇల్లు శేరుకు దిగిందంటే పెద్దోళ్లు పోయిండ్రన్నట్టు. శేరుకెల్లి అర్ధశేరుకు దిగిందంటే ఆర్నెల్లల్ల అమ్మకానికి వస్తది" అని నాకు పాఠం చెప్పాడు. శాలిబండలో అలాంటి ఇల్లు ఒకటుంది. వైద్యం మానుకున్న ఒక హకీం గారిది. ఒక్కరే ఉంటున్నారు, ఇల్లు అమ్మి కూతురి ఊరికి వెళ్లిపోవాలని చూస్తున్నారు. అడిగేది రెండు వేల ఆరు వందలు. "అర్ధశేరుకు దిగిండు దొరా. మనం గట్టిగ కూసుంటే రెండు వేల రెండు వందలకు వస్తడు."

నాకు మూడు ఆజ్ఞలు జారీ అయ్యాయి. పాత ధోవతి కట్టుకుని రావాలి. ఇంట్లో దేన్నీ మెచ్చుకోకూడదు. పాలన్న దగ్గినప్పుడల్లా నోరు మూసుకోవాలి. నేను తాతగారి పట్టు షేర్వానీ వేసుకుని వెళ్లాను. భుజాలు జారుతున్నాయి, కర్పూరం వాసన వీధి చివరిదాకా కొడుతోంది, అయినా బొత్తాలన్నీ పెట్టుకున్నాను.

పాలన్న నన్ను చూసి తన గొడుగు మీద ఆనుకుని నిలబడ్డాడు. "గిట్ల పెండ్లికొడుకు లెక్క వస్తే ధర ఎట్ల దిగుతది?"

"మా తాతగారు పాత ధోవతితో ఏ బేరానికీ పోలేదు."

"మీ తాత కొననీకి ఎన్నడు పోయిండు దొరా, అన్నిసార్లు అమ్మనీకే పాయె."

నేను జారిన భుజాలు సర్దుకుని ముందుకు నడిచాను.

హకీం గారు ఎనభైకి దగ్గరగా ఉన్న సన్నటి మనిషి. "తష్రీఫ్ రఖియే" అని మమ్మల్ని తఖ్త్ బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లి, తానే ఛాయ్ పట్టుకొచ్చారు. రెండే కప్పులు. చిక్కగా, పైన మీగడ తేలుతూ ఉంది. మీకేదని అడిగాను. "నాకు పాలు పడవు" అన్నారు నవ్వుతూ. శాలిబండలో సగం మందికి రాత్రిపూట గోరువెచ్చటి పాలు తాగమని నలభై ఏళ్లు చెప్పిన మనిషి ఆ మాట అన్నారు. పొద్దున ఆ ఇంటికి వచ్చిన అర్ధశేరు పాలు ఎక్కడికి పోయాయో నా చేతిలోని కప్పు చెబుతోంది. పాలన్న నాకు ఆయుధంగా ఇచ్చిన రహస్యం నా మీదికే తిరిగింది. ఆయన ధర చెప్పారు, రెండు వేల ఆరు వందలు. "న్యాయమైన ధర, తీసుకుంటాను" అన్నాను. పాలన్న దగ్గాడు. లేని రెండు వందలు ఎక్కడి నుంచి తేవాలో నాకు తెలియదు గాని, తాతగారి సంతకాలు ఎలా పుట్టేవో మాత్రం ఆ క్షణంలో తెలిసింది.

హకీం గారు నా వైపు, నా షేర్వానీ వైపు చూశారు. ఆయన మాట్లాడింది ఉర్దూలో, నేను తెలుగులో చెబుతున్నాను. "లేదు, ధర ఎక్కువ చెప్పాను. దక్షిణపు గది కురుస్తుంది. రెండు వేల అయిదు వందలు చాలు."

"ఒక్క గది కురిస్తే ఏమైంది? దూలాలు అసలైన టేకువి" అన్నాను.

"బావి ఎండాకాలం అడుగంటుతుంది."

"మేము ఇద్దరమే. మాకు నీళ్లు తక్కువే కావాలి."

"గోడకు చెదలు ఉన్నాయి, రండి చూపిస్తాను."

"చూడను. మీ ఇంటికి వంకలు పెట్టడానికి నేను రాలేదు."

ఆయన తన ఇంటిని తిట్టిపోస్తున్నారు, నేను పొగుడుతున్నాను. ఆయన వంద దించితే నేను యాభై ఎక్కిస్తున్నాను. పక్కన పాలన్న దగ్గు ఆగడం లేదు. చివరికి హకీం గారు బేరం ఆపి, పాలన్న నాడి పట్టి చూసి, అల్మారీలోంచి ఒక చూర్ణం తీసి ఆయన నోట్లో వేశారు. "ఛాతీలో కఫం బాగా ఉంది. రోజుకు రెండు పూటలా వేసుకో." అది ఎంత చేదుగా ఉందో పాలన్న కళ్లలో నీళ్లు చెప్పాయి. ఆ తరువాత దగ్గలేదు. మా పక్షానికి ఉన్న ఒకే ఒక్క అస్త్రం అలా పోయింది. రెండు వేల మూడు వందల దగ్గర హకీం గారు తఖ్త్ మీద అరచేయి ఆనించి, "ఇంతకు పైన ఒక్క రూపాయి ఇస్తానన్నా ఇల్లు అమ్మను" అన్నారు. నేను ఓడిపోయినవాడిలా తల వంచాను. (వెన్నెముక కాదు, తల.)

బయటికి వచ్చాక పాలన్న రెండుసార్లు ఉమ్మి, "ముప్పై ఏండ్ల సంది గీ గల్లీలల్ల తిరుగుతున్న. కొనెటోడు పెంచుడు, అమ్మెటోడు దించుడు ఎన్నడు చూడలే" అన్నాడు. నేను మాత్రం గెలిచినవాడిలా నడిచాను. ఆ పెద్దమనిషి షేర్వానీ చూసి వంశాన్ని గుర్తుపట్టాడని అమ్మకు చెప్పాను, దఫ్తరులో అందరికీ చెప్పాను, సామాను తోపుడుబండి మీదికి ఎక్కిస్తున్న గుర్రాలాయనకు కూడా చెప్పాను. "మీ ఖాన్దాన్ అసొంటిది దొరా" అన్నాడాయన, బండి తానే తోస్తూ.

దసరాకు వారం ముందు గృహప్రవేశం. పాలు పొంగించాలి కదా, పావుశేరు తెమ్మని పాలన్నకు చెప్పాము. ఆయన శేరు పాలు తెచ్చాడు, నిండు చెంబు. మేము చెప్పింది పావుశేరని గుర్తుచేశాను.

"ఇవి హకీం సాబ్ పోయించినయి. ఊరికి పోయే ముందట నాతోటి చెప్పిపోయిండు, కొత్త ఇంట్ల పాలు బాగ పొంగాలె, వాళ్లకు పావుశేరు సాలదు అని."

"మాది పావుశేరని ఆయనకెవరు చెప్పారు?"

"నేనే చెప్పిన. మనం పోకముందు దినం పొద్దుగాల, కొనెటోళ్లు ఎట్లాంటోళ్లని అడిగిండు. పావుశేరోళ్లు అన్న."

నా చెవులు కాలిపోయాయి. "నువ్వు నా దలాల్‌వి కదా?"

"అందుకే చెప్పిన దొరా" అన్నాడు పాలన్న.

చెంబు వెనక్కి తీసుకుపొమ్మని చెప్పబోయాను. అప్పటికే అమ్మ పాలను పొయ్యి మీద పెట్టేసింది. అవి గిన్నె అంచు దాటి, పొయ్యి దాటి, నేల మీదికి వచ్చేదాకా పొంగాయి. ఆ నురగ చూస్తూ నిటారుగా నిలబడి, "రేపటి నుంచి మా ఇంటికి రోజూ శేరు" అని ఆజ్ఞ జారీ చేశాను. మేము ఇద్దరం ఎంత తాగుతాం? ఇల్లంతా పెరుగు, వీధి వీధికీ మజ్జిగ. జీతంలో నాలుగో వంతు బర్రెల పాలైంది. అయినా శేరు తగ్గించలేదు. తప్పు చేశానని ఈ రోజుకీ ఒప్పుకోను.

ఇప్పుడు అమ్మ లేదు, పాలన్న లేడు, శేర్లు కూడా లేవు. అర లీటరు పాలు వస్తాయి, నేను ఒక్కణ్ణే. దక్షిణపు గది ఇంకా కురుస్తూనే ఉంది. హకీం గారు అబద్ధం చెప్పలేదు. ఎవరైనా వస్తే తఖ్త్ మీద కూర్చోబెట్టి, మీగడ తేలే ఛాయ్ నేనే పట్టుకొస్తాను. మీకేదని అడుగుతారు. నాకు పాలు పడవని చెబుతాను.