సరోజిని కట్టిన మరియమ్మ వేషం

డిసెంబరు వచ్చిందంటే సరోజినికి కాలు నిలిచేది కాదు. అల్లవరం పక్కన పేటలో వాళ్ళ ఇల్లు. భర్త వరప్రసాదం ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. బళ్ళో వార్షికోత్సవం, చర్చిలో క్రిస్మస్ నాటకం రెండూ ఆయనే నెత్తిన వేసుకునేవారు. ఆయన నెత్తిన వేసుకున్నదల్లా తిరిగి తిరిగి సరోజిని చేతుల్లోకే వచ్చేది.

1979లో మరీను. కూతురు సుందరి తొమ్మిదో తరగతి, హైస్కూలు ఖోఖో జట్టుకి కెప్టెను. మూడో తరగతి చదివే బాబ్జీకి బళ్ళో పులి వేషం, చర్చిలో గొర్రెల కాపరి వేషం. సరోజిని పాత దుప్పటికి పసుపు పట్టించి, మసితో చారలు గీసి పులిని చేసింది. కాపరికి కొబ్బరి పీచుతో గడ్డం కట్టింది. ఆ గడ్డం గుచ్చుకుంటోందని వాడు ఏడిస్తే, లోపల మెత్తటి గుడ్డ వేసి మళ్ళీ కుట్టింది. పిండివంటలు ఒకపక్క, వెదురుబద్దల నక్షత్రానికి రంగు కాగితాలు అతికించడం ఒకపక్క. వార్షికోత్సవం నాడు పులి గాండ్రిస్తే ముందు వరసలో కూచున్న ప్రెసిడెంటుగారే ఉలిక్కిపడ్డారని ఊరంతా చెప్పుకున్నారు. సరోజిని పడ్డ పాటంతా ఆ ఒక్క మాటతో తీరిపోయింది.

చర్చి నాటకం వరప్రసాదం సొంతంగా రాసింది. అందులో మరియమ్మ వేషం సుందరిది. మాటలు బారెడు బారెడు ఉండేవి. పొయ్యి దగ్గర కూచుని సుందరి అప్పచెబుతుంటే సరోజిని కాగితం చూస్తూ దిద్దేది. ఐదో తరగతితో బడి మానేసి, పెళ్ళయ్యేదాకా ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన మనిషి. మొదట్లో కూడబలుక్కుని చదివేది. పోను పోను కాగితం అవసరం లేకుండానే కూతురికి మాట అందించడం మొదలెట్టింది.

ఇంతలో కాకినాడలో జిల్లా ఆటల పోటీలు వచ్చిపడ్డాయి. పండగ ముందురోజు మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేస్తామని డ్రిల్లు మాస్టారు మాటిస్తే సుందరిని పంపించేరు. నాటకం ఆ రాత్రికే. మధ్యాహ్నం దాటింది, పిల్ల రాలేదు. పొద్దు వాలుతుండగా ఆ పేటవాడే లాజరు సైకిలు తొక్కుకుంటూ వచ్చేడు. కాకినాడ నుంచి వచ్చేవాళ్ళు ఏరు దాటి దిగే ముక్తేశ్వరం రేవులోనే పిల్లల సంగతి తెలిసిందట.

"భయపడకండి మాస్టారండీ. ఏటి మధ్యలో లాంచీ ఇసుక మేటెక్కేసింది, అంతే. సముద్రం పోటు తగిలి నీళ్ళు పెరిగితేగానీ కదలదన్నాడండి లాంచీ నడిపే సరంగు. పిల్లలు పాటలు పాడుకుంటన్నారండి."

పిల్ల క్షేమమని తెలిసి సరోజిని ఊపిరి పీల్చుకుంది. వరప్రసాదం మాత్రం తల పట్టుకుని కూచున్నారు. మరియమ్మ వచ్చే రంగాలు తీసేసి, కాపరులతోనూ జ్ఞానులతోనూ నాటకం అయిందనిపిస్తానన్నారు.

"మరియమ్మ లేకుండా క్రిస్మస్ నాటకం ఏమిటండీ?" అంది సరోజిని. "ఆ మాటలు నాకు వచ్చు."

ఆయన తలెత్తి చూసేరు. "నువ్వు కడతావా?"

"ఆయ్, కడతానండి."

కూతురి కోసం కుట్టిన నీలం ముసుగు తనే వేసుకుంది. నుదుటి మీద తెల్లవెంట్రుకలు ముసుగులోకి తోసుకుంది. తనతో పక్కపక్కన నాట్లు వేసిన ఆడవాళ్ళందరూ చాపల మీద కూచునున్నారు. ఆమె అడుగుపెట్టగానే వెనక వరసల్లో కిసుక్కుమన్నారు. ఇద్దరు పిల్లల తల్లి మరియమ్మేమిటని ఎవరో అననే అన్నారు.

సరోజిని నోరు విప్పింది. చేలల్లో ఊడ్పుల పాట ఎత్తుకుంటే ఆ గట్టు నుంచి ఈ గట్టుకి వినపడిన గొంతు అది. మైకు లేని ఆ చర్చిలో గుమ్మం దాకా వినపడింది.

"మా చేతులు మట్టిలో ఉన్నాయి, మా తలలు వంగి ఉన్నాయి. అయినా ప్రభువు మా గుమ్మం వెతుక్కుంటూ వచ్చేడు" అని తల పైకెత్తేసరికి, ముందు కూచున్న ముసలావిడ చిన్నమ్మలు పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెనక వరసల్లో నవ్విన వాళ్ళు కూడా మెడలు సాచి చూసేరు.

ఆఖరి రంగంలో ఉండగా, గడ్డం పెట్టుకున్న బాబ్జీ గుమ్మం వైపు వేలు చూపించేడు. మోకాళ్ళ దాకా బురదతో, చేతిలో వెండి రంగు కప్పుతో సుందరి నిలబడి ఉంది. సరోజిని చూసింది. అయినా మాట ఆపలేదు, తడబడలేదు. నాటకం పూర్తయ్యేదాకా సుందరి కూడా గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. తరవాత పరిగెత్తుకొచ్చి, ఆ బురద కాళ్ళతోనే తల్లిని వాటేసుకుంది.

పండగనాడు పొద్దున్నుంచీ ఇంటికి జనం. జిల్లాకి మొదటొచ్చిన కప్పు చూద్దామని వచ్చేవారు. సుందరి వాళ్ళందరితో ఒకటే మాట: "కప్పు సంగతి తరవాత చెబుతానండి. మా అమ్మ నాటకం చూసేరా మీరు?" వచ్చినవాళ్ళకి పెట్టడానికి నూనెలో వేయించిన గులాబీ పువ్వుల పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ సరోజిని, ముందుకి రావడానికి సిగ్గుపడి అక్కడే ఆగిపోయింది. వరప్రసాదం వెళ్ళి పళ్ళెం అందుకుని, ఆమెని నలుగురి మధ్యకి తీసుకొచ్చి కుర్చీలో కూచోబెట్టేరు.

అప్పటిదాకా చర్చి నాటకాల్లో బడిపిల్లలే వేషాలు కట్టేవారు. మరుసటేడు చిన్నమ్మలు తనంతట తానొచ్చి, మాటలు తక్కువున్న వేషమేదైనా తనకీ ఇమ్మని అడిగింది. ఆమె వెనకాల మిగతా ఆడవాళ్ళూ వచ్చేరు. చదువు రానివాళ్ళకి సరోజిని మాటలు నోటితోనే నేర్పింది.

సుందరి టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఎనభై ఆరులో రాజోలు దగ్గర ఒక బళ్ళో చేరింది. డిసెంబరు రాగానే తల్లికి కబురు పెట్టింది. వార్షికోత్సవానికి పిల్లల్ని తయారుచేస్తున్న చోటికి కొత్త హెడ్మాస్టరుగారు వచ్చి, ఈవిడెవరని అడిగేరు.

"మా అమ్మగారండి. నాటకాలు నేర్పుతారు" అంది సుందరి.

అలాంటి పరిచయం సరోజినికి అదే మొదలు. ఆయనకి నమస్కారం పెట్టి, పైట సర్దుకుని, కిలకిల్లాడుతున్న పిల్లల్ని మొదటి రంగానికి వరసలో నిలబెట్టింది.