ఖతం మామ బీరు రుచి చూసిన రోజు

మా పక్కింటి డేవిడ్ రాజు మామ దృష్టిలో ఈ లోకంలో ఏ పనైనా మొదలుకాకముందే చెడిపోయి ఉంటుంది. మనం పాలగిన్నె పొయ్యి మీద పెట్టేలోపే పాలు విరిగిపోయాయని ప్రకటిస్తాడు. పెళ్లికి పిలిస్తే తాళి కట్టకముందే "ఖతం" అని నిట్టూరుస్తాడు. అందుకే మౌలాలి రైల్వే కాలనీలో పిల్లాజెల్లా అంతా ఆయనను ఖతం మామ అంటారు. "నా పేరు సుత ఖతమాయె" అని ఆయన దానికీ దిగులే.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. పచ్చజెండా ఊపుతూ కూడా "పోవుడైతే పోతది గానీ, చేరుతదా?" అనేవాడట. ఆయన ఎక్కిన బండి ఒక్కటీ పట్టాలు తప్పలేదు. ఆ సంగతి గుర్తుచేస్తే, "గదే నా భయం. ఇన్నేండ్లు తప్పలేదంటే ఇగ తప్పే దినం దగ్గర పడ్డట్టే గద" అంటాడు.

మనకు కష్టం వచ్చినప్పుడు ఆయన ఓదార్చడానికి రావడమంత కష్టం ఇంకొకటి లేదు. నిశ్చితార్థానికి ముందురోజు నా సంబంధం తప్పిపోయింది. నేను గోడవైపు తిరిగి పడుకుని ఉంటే వచ్చాడు.

"ఖతం రాజేందరూ! ఇగ నీకు పిల్లనెవ్వరిస్తరు? నీ పప్పన్నం తినే యోగం నాకు లేదురా" అని మంచం కోడు పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు.

"ఊకో మామా, లోకంల ఇంకో పిల్లనే లేదా?" అని నేనే లేచి కూర్చున్నాను.

"ఉన్నదంటవా?"

"ఎందుకుండదు?"

"ఉన్నా, నిన్ను చేస్కుంటదంటవా?"

ఒళ్లు మండింది. ఆయనకు చాయ్ పెట్టి, బిస్కెట్లు తినిపించి, ధైర్యం చెప్పి మెట్ల దాకా దింపి వచ్చాను. ఓదార్చాల్సిందెవరిని, ఓదార్పు పొందిందెవరు!

అలాంటి మనిషిని మా చెల్లెలు సుకన్య బీరు రుచి చూడడానికి పిలిచింది. అదీ మందు చుక్క ముట్టని మనిషిని.

సుకన్య లక్షణమైన ఉద్యోగం మానేసి, స్నేహితుడు విజయేందర్‌తో కలిసి బొల్లారం దగ్గర పాత గోదాములో చిన్న బీరు తయారీ పెట్టింది. బార్లీ, జొన్నలు కలిపి, కొద్దికొద్దిగా, తన చేత్తో చేసే బీరు. ఇంతవరకూ ఖర్చే తప్ప రాబడి లేదు. విజయేందర్‌కు ఓపిక అయిపోయింది. "ఆదివారం జనాన్ని పిలుద్దాం. అంతా తిప్పి చూపెట్టి, రుచి చూపెడదాం. బాగుందంటే నడుపుదాం. మొఖం తిప్పుకున్నరా, సోమవారం షట్టర్ గుంజుడే" అని తేల్చేశాడు. ఆ మాట అన్నప్పటినుంచి మా సుకన్యకు అన్నం సహించలేదు.

"మామను మాత్రం పిలవకే" అని బతిమాలాను.

"చిన్నప్పటి సంది నేను ఏం జేసినా మామ ఖతమే అన్నడన్నా. ఇప్పుడు అనకపోతే నాకు పరేషాన్ అయితది" అంది.

ఆదివారం మామ ఇస్త్రీ చొక్కా, చర్చికి వేసుకునే బూట్లు వేసుకుని వచ్చాడు. ఇంట్లో డోరా అత్తకు ఫ్యాక్టరీ చూడబోతున్నానని మాత్రమే చెప్పాడట. మా అమ్మ పొద్దున్నే వచ్చి, బోనం కుండను ముస్తాబు చేసినట్టు, మనిషెత్తు స్టీలు ట్యాంకులకు పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టింది. పిలిచినవాళ్లంతా వచ్చారు. సుకన్య తిప్పి చూపించడం మొదలుపెట్టింది.

"ఇది మొలకలొచ్చినంక ఎండబెట్టిన బార్లీ."

మామ గుప్పెడు తీసుకుని వాసన చూశాడు. "ఖతం. పురుగు పట్టనీకి తయారున్నది."

"ఈ ట్యాంకుల ఈస్ట్ ఉంటది. కంటికి కనవడదు. అదే తీపి తిని బీరు చేస్తది."

"కనవడే మనుషులే చెప్పినట్టు ఇంటలేరు. కనవడనిదాని మీద యాపారమా బిడ్డా!"

"ఈ మీటరు లోపలి ప్రెషర్..."

"ముల్లు కదులుతున్నది! పగిలిందంటే బొల్లారం బజార్లన్నీ నురగే!"

జనం పకపకా నవ్వుతున్నారు. విజయేందర్ నన్ను పక్కకు లాగాడు. "అన్నా, ఈయనను ఎవరన్న పగోళ్లు పంపిండ్రా?"

చివరికి రుచి చూసే ఘట్టం వచ్చింది. ట్యాంకు నుంచి పట్టి బల్ల మీద పెట్టిన జగ్గుల్లోంచి సుకన్య చిన్న గ్లాసుల్లోకి పోసి అందరికీ ఇచ్చింది. మామ తప్ప అందరూ ఒక్కో గుటక వేశారు. నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ రుమాల్లోకి ఉమ్మింది. ఒక పెద్దమనిషి గ్లాసును మర్యాదగా కిటికీలో పెట్టి దూరం జరిగాడు. నేనూ తాగాను. చేదంటే చేదు కాదు, విషం!

"ఏందీ సుకన్యా ఇది?" అని విజయేందర్ షట్టర్ వైపు చూశాడు.

సుకన్య కింది పెదవి పళ్లతో నొక్కిపట్టి అలాగే నిలబడింది. ఆ పిల్ల ఇన్నాళ్ల కష్టం ఒక్క గుటకలో నేలపాలైంది, పక్కనే ఉండి నేను చేయగలిగింది ఏమీ లేదు.

అప్పుడు మామ ఒక గ్లాసు అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, ఒకసారి అందరి వంకా చూసి, గటగటా తాగేశాడు.

"ఖతం!" అని నిలువునా కూలబడ్డాడు. "నేను పోతున్న! కడుపుల అగ్గి లేసింది! డోరాకు చెప్పుండ్రి, మీ ఆయన బీరు తాగి సచ్చిండని! పాస్టరు సుత రాడు నా మట్టికి!"

సుకన్య ఏడుపు మరిచిపోయి ఉరికింది. "మామా! ఏం గాదు మామా! అన్నా, నీళ్లు తే జల్ది!"

"నీళ్లతోని అయితదా బిడ్డా? దాంట్ల ఏం కలిసిందో తెలిస్తే డాక్టరు మందిస్తడు. చెప్పెటోళ్లు లేక సస్తున్న!"

ఒక మూల నుంచి మా అమ్మ కెవ్వుమంది. "సావకు అన్నా! అది విషం గాదు, సాక! నేనే పోసిన!"

సాకంటే బోనాలప్పుడు అమ్మవారి ముందు ధారపోసే పసుపు, వేపాకు నీళ్లు. కొత్త పని చల్లగా సాగాలని అమ్మ ఇంటి దగ్గరే వేపాకు నూరి, కలిపి తెచ్చింది. గడపలో పోసింది. మిగిలింది పారబోస్తే పాపమని, బల్ల మీది జగ్గుల్లో గరిటెడు గరిటెడు పోసింది. ఆ బీరు రంగులో పసుపు ఎవరికి కనిపిస్తుంది? అందరి మొహాలూ మాడిపోయాక నోరు విప్పే ధైర్యం లేక మూలన నిలబడింది.

మామ ఒక కన్ను తెరిచాడు. "యాపాకేనా చెల్లే?"

"యాపాకే అన్నా, నా బిడ్డ మీద ఒట్టు."

"అయితే బతుకుతనంటవా?"

"నిండు నూరేండ్లు!"

"నా పానం నిలబెట్టినవ్ తల్లీ!" అని మామ కూర్చున్నచోటి నుంచే రెండు చేతులూ జోడించాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇందాక ఉమ్మినావిడ వచ్చి అమ్మ భుజం తట్టింది.

సుకన్య జగ్గులు కడిగి, ట్యాంకు నుంచి మళ్లీ పట్టింది. ఈసారి కిటికీలో గ్లాసు పెట్టిన పెద్దమనిషి తనే వచ్చి రెండోసారి పోయించుకున్నాడు. విజయేందర్ మెల్లగా తాగి మూతి తుడుచుకుని, "సరే, నడుపుదాం తియ్" అన్నాడు. సుకన్య అప్పుడు ఏడ్చింది. మామ బెంచీ మీద కూర్చుని, "జొన్నల ధర పెరుగుతది" అన్నాడు.

ఆటోలో మౌలాలికి తిరిగి వస్తుంటే అడిగాను. "కడుపుల మంట తగ్గిందా మామా?"

"యాపాకుకు మంటేందిరా?"

నేను ఆయన వంక తిరిగాను. "నీకు ముందే తెలుసా?"

"గ్లాసు ముక్కు కాడికి రాంగనే వాసన కొట్టింది. మీ అమ్మ చేతిల గరిటె పసుప్పచ్చగున్నది. చూసెటోనికి కండ్లుండాలె."

"మరి ఆ మాట చెప్పొచ్చు గద! గట్ల కింద పడి దొర్లుడెందుకు?"

"నేను చెప్తే బిడ్డ యాపారం ముంచిన తల్లి అయితుండె. ఆమెనే చెప్పింది, సచ్చెటోన్ని బతికించిన చెల్లె అయింది" అని మామ బయటికి చూస్తూ ఒక తేన్పు తేన్చాడు.

మంచం కోడు పట్టుకుని ఏడ్చిన ఆ మనిషే గుర్తొచ్చాడు. "అయితే మామా, నా సంబంధం తప్పిపోయిన్నాడు నువ్వు ఏడ్చింది సుత నన్ను లేపనీకేనా?"

"కాదురా. అది నిజంగనే. నిన్ను ఎవ్వరు చేస్కుంటరని శాన రంధి పడ్డ."

ఆటో ఆగింది. గేటు దగ్గర డోరా అత్త నడుము మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. గాలి మా వైపు నుంచి ఆవిడ వైపు వీస్తోంది. ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. మామ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఖతం రాజేందరూ" అన్నాడు.

నా ఎరుకలో ఆయన మాట నిజమైంది ఆ ఒక్కసారే.