పాచిరంగు చీర

ధర్మవరంలో మా మగ్గం పక్కన గాజుతొట్టెలో చెరువునే పెంచానని చాలామందికి చెప్పాను. అంత లేదు. అది కిరసనాయిలు డబ్బా అంత తొట్టె. రెండు చేపలు, బుక్కపట్నం చెరువు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఒకే ఒక్క నీటిమొక్క. పందొమ్మిది వందల యాభైల చివర్లో, నా చిన్నతనంలో, ఆ మొక్కే నా ప్రాణం.

దానికి పాచి పట్టింది. గాజుకు అంటుకునే పచ్చపొరయితే గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది పట్టుపోగుల్లా సాగి, ఆకులను చుట్టుకుని పీక నొక్కే రకం. కారణం ఎదురుగానే ఉంది. మగ్గానికి వెలుతురు కోసం కప్పులో పెట్టిన గవాక్షం నుంచి పొద్దంతా ఎండ తొట్టెలోనే పడేది. పైగా మా అవ్వ పుణ్యమని గుప్పెళ్లతో బొరుగులు చల్లేది. తినగా మిగిలినవి కుళ్లి పాచికి ఎరువయ్యేవి. నేను గోనెపట్టా కప్పితే తీసి పారేసేది.

"చీకట్లో చేపలకు బొరుగులు ఎట్ల కనపడతాయిరా?"

"నీ పుణ్యమంతా పాచికే పోతాండాదవ్వా."

ఒకరోజు పాచిని పుల్లకు చుట్టి లాగుతుంటే, హిందూపురం నుంచి పెండ్లిచీరలకు వచ్చిన పెద్దావిడ తొంగిచూసింది.

"మా పాపకు ఈ పచ్చే కావల్ల. చిలకపచ్చ వద్దు, మామిడాకు పచ్చ వద్దు. ఇదే."

నాయన నా చేతిలో పుల్ల లాక్కున్నాడు. "రంగులేసే ఆయన పెనుకొండ నుంచి వచ్చి చూసేదాకా దాన్ని ముట్టొద్దు."

"అంతలో మొక్క చస్తాది నాయనా."

"మొక్కలు చెరువునిండా ఉండాయి. ఇట్లాంటి బేరం యాడుండాది?"

నాకు ఒళ్లు మండిపోయింది. మగ్గం అదిరేలా అరిచానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి గొణిగానంతే. కానీ నాయన అంగడికి పోగానే పాచినంతా లాగి, ఊరగాయ సీసాలో నీళ్లు పోసి అందులో వేశాను. సీసాను గవాక్షం కింద పెట్టి, తొట్టెను చీకటి మూలకు జరిపాను. అవ్వ బొరుగుల చాట పట్టుకుని వచ్చింది.

"యాడ ఎయ్యాలిరా ఇప్పుడు?"

"సీసాలో ఎయ్యి. పాచి తింటాది."

కోపంతో అన్నమాట. అవ్వ నిజంగానే వేసింది.

రంగులాయన వచ్చేసరికి సీసాలో పాచి నిగనిగలాడుతోంది. పాచిపోగు పక్కన పట్టుపోగు పెట్టి చూసి, రంగు కలిపాడు. ఆ రంగు చీరలు జిల్లా అంతా కట్టారని నేను చెప్పేది నమ్మకండి. నేసింది ఒక్కటే.

మూలన నా మొక్క చిగురు వేసింది. ఎవరూ చూడలేదు. ఆ తర్వాత చీరలకు ఎవరొచ్చినా నాయన నన్ను చూపించి గర్వంగా ఒకటే చెప్పేవాడు.

"మావాడేనప్పా. పాచి బాగా పెంచుతాడు."