పెద్దల్లుడి మర్యాద, నూట ఎనభై ఐదో సెక్షన్

ఆ రోజుల్లో నల్లకోటు వేసుకున్న ప్రతివాడూ వకీలేనని నేను గట్టిగా నమ్మేవాణ్ని, ముఖ్యంగా ఆ కోటు నా ఒంటి మీద ఉన్నప్పుడు. లా పట్టా చేతికొచ్చి ఆర్నెల్లయినా కాలేదు. హన్మకొండ కోర్టులో ఒక సీనియర్ దగ్గర చేరాను. ఆయన్ని అందరూ 'వాయిదాల సారు' అనేవాళ్లు (ఎందుకో చెప్పనక్కర్లేదు). ఆయన ఫైళ్లు మోయడం, ఆయన రాలేని రోజున జడ్జిగారి ముందు నిలబడి "మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారండీ" అనడం, ఇదీ నా ప్రాక్టీసు. ఆ ఒక్క వాక్యాన్నీ అద్దం ముందు సాధన చేసి మరీ వెళ్లేవాణ్ని. అలాంటి నాకు మొదటి సొంత కేసు దొరికింది. ముద్దాయి మా మేనమామ.

మామ ఒక ప్రైవేటు బడికి వ్యాను నడిపేవాడు. ఇంటికి ఆ సంపాదనే ఆధారం. వాళ్ల మామగారు చనిపోతే, పొద్దున పిల్లల్ని బడిలో దింపి, అదే వ్యానులో పరకాల దగ్గరి ఊరికి దినానికి వెళ్లాడు. మావాళ్లలో దినం నాడు చుట్టాలకు కల్లు పోస్తారు, మొదటి గ్లాసు పెద్దల్లుడిది. అతను వద్దన్నాడంటే చనిపోయినాయన మీద కోపం ఇంకా తీరలేదని అర్థం. పెద్దల్లుడు మా మామే. ముగ్గురు బామ్మర్దులూ తలా ఒక గ్లాసు పోశారు. తర్వాత ఎవరి మర్యాద తక్కువైందోనన్న అనుమానం వచ్చి మళ్లీ మొదటినుంచి పోశారు. మధ్యాహ్నం రెండు దాటాక మామ తిరుగు దారి పట్టాడు. వరంగల్ పొలిమేరలో పోలీసులు ఆపి మిషన్లో ఊదమన్నారు. ఆయన ఏ బెరుకూ లేకుండా బెలూన్ ఊదినట్టు నిండుగా ఊదాడు. మందు తాగితేనే కేసనీ, కల్లు చెట్టుది కాబట్టి దానికి కేసుండదనీ ఆయన నమ్మకం. (ఈ నమ్మకం లేని చుట్టం నాకు ఇప్పటికీ తారసపడలేదు.) మిషన్‌కు మాత్రం చెట్టుదీ సీసాదీ తేడా తెలియలేదు. తాగి నడిపినందుకు నూట ఎనభై ఐదో సెక్షన్ కింద కేసు రాశారు. వ్యాను స్టేషన్‌కు, మామ మా ఇంటికి చేరారు.

"లైసెన్స్ పోతే బతుకెట్లరా అల్లుడా?" అని మామ తల పట్టుకుంటే నాకు జాలి వేసింది. కానీ జాలికన్నా ముందు మొదటి కేసు వచ్చిందన్న సంతోషం కలిగిందని సిగ్గు విడిచి చెబుతున్నాను. వాయిదాల సారు కాగితాలు చూసి, "ఏమున్నదయ్యా ఇండ్ల? ఒప్పుకొమ్మను. మొదటిసారి గద, జుర్మానా ఏస్తరు. లైసెన్స్ కొన్ని రోజులు పోతది, మల్ల వస్తది" అన్నారు. నాకు నచ్చలేదు. ఒప్పుకునేదానికి వకీలెందుకు? రెండు రోజులు పుస్తకాల మీద పడి పద్నాలుగు అభ్యంతరాలు రాశాను. మిషన్‌ను పరీక్షించిన సర్టిఫికెట్ ఉందా? ఊదించినాయనకు శిక్షణ ఉందా? రక్తం ఎందుకు తీయలేదు? మిషన్ మీద, పోలీసుల మీద, ఆ రోజు ఎండ మీద, ఒక్క మామ మీద తప్ప అన్నిటి మీదా అనుమానం వ్యక్తం చేశాను. పదమూడోది దగ్గుమందు: ముద్దాయికి విపరీతమైన దగ్గు, ఆ వాసన దగ్గుమందుదే. పద్నాలుగోది జాలి కోసం: ముద్దాయి బాధ్యత గల మనిషి, ఆ సమయంలో కూడా బడి పిల్లల్ని ఇళ్లకు చేర్చే పనికే వెళ్తున్నాడు. ఈ ముక్క రాశాక నన్ను నేనే మెచ్చుకున్నాను.

"మామా, జడ్జి మేడం అడిగితె దగ్గుమందు తాగిన్నని చెప్పు. మధ్యల రెండు సార్లు దగ్గు" అని నేర్పాను.

"నాకు దగ్గు యాడిదిరా?"

"కోర్టుల ఉంటది."

"మరి దినం నాడు తాగలేదని చెప్పాల్నా? పెద్దల్లునికి సుక్క గూడ పొయ్యలేదని ఊరంత అనుకోదా? నా బామ్మర్దుల ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ కావాల్నా, లైసెన్స్ కావాల్నా?"

మామ చిన్నగా దగ్గాడు. అంగీకారమే అనుకున్నాను.

కేసు రోజున పిలవకుండానే ముగ్గురు బామ్మర్దులూ తెల్ల చొక్కాలు వేసుకుని పరకాల నుంచి దిగారు. బావకు అండగా ఉండాలని వెనక బెంచీలో కూర్చున్నారు. జడ్జి మేడం "తాగి నడిపారా?" అని అడిగారు. మామ నేర్పినట్టే దగ్గి, "దగ్గుమందు తాగిన మేడం" అన్నాడు. "ఎంత తాగారు?" అన్నారామె. ఎంతో నేను నేర్పలేదు. దాంతో మామ తనకు తెలిసిన నిజమే చెప్పాడు.

"ఆరు గ్లాసులు మేడం."

హాలంతా నవ్వింది. పెద్ద బామ్మర్ది మనసు మాత్రం చివుక్కుమన్నట్టుంది, లేచి నిలబడ్డాడు. "దగ్గుమందు గాదు మేడం! మేం పోసిన తాటికల్లు, జరంత గూడ కల్తీ లేదు. మా బావ తప్పేం లేదు, మేమే ఒట్టు పెట్టి తాగించినం. అండ్ల నాయి రెండు గ్లాసులు." రెండోవాడు లేచి "నాయి రెండు" అన్నాడు. మూడోవాడు "నాయి సుత" అన్నాడు. అవతలి వకీలు కుర్చీలోంచి లేవలేదు, లేవాల్సిన అవసరం మావాళ్లు మిగల్చలేదు.

మేడం నా కాగితం చేతిలోకి తీసుకుని చివరి పేరా దగ్గర ఆగారు. "పిల్లల్ని ఎక్కించుకోవడానికి పోతున్నారా? ఎంతమంది?"

"ఇరవై ఇద్దరు మేడం."

నవ్వు ఆగిపోయింది. మామ ఇక దగ్గలేదు. "తప్పే మేడం. చెట్టుదైనా తప్పే. ఆ పోలీసు సారు నన్ను ఆపకుంటె నాలుగింటికి ఆళ్లను ఎక్కించుకునేటోన్ని" అన్నాడు. ఆ మాట ఆయనకు నేను నేర్పలేదు. పద్నాలుగు అభ్యంతరాలు రాసిన నాకు ఆ ఇరవై ఇద్దరు ఒక్కసారి కూడా తట్టలేదు.

జుర్మానా పడింది, లైసెన్స్ ఆర్నెల్లు పోయింది, రెండు రోజులు చౌరస్తాలో అట్ట పట్టుకుని నిలబడమన్నారు. 'తాగి బండి నడపరాదు' అన్న ఆ అట్ట పట్టుకుని మామ ఎండలో నిలబడితే, నేను నీళ్లసీసా తీసుకెళ్లాను. "నువ్వు మంచిగనే కొట్లాడినవురా, నేనే చెడగొట్టిన. ఫికర్ చెయ్యకు" అని నన్నే ఓదార్చాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. బడివాళ్లు మళ్లీ పిలవలేదు. ఆర్నెల్లు మార్కెట్లో పత్తి బస్తాలు మోసి, ఆ తర్వాత సామాన్ల ట్రాలీ తోలడం మొదలుపెట్టాడు. దినాలకు ఇప్పుడు బస్సులో వెళ్తాడు.

ఇప్పుడు నాకూ బోర్డుంది, ఇద్దరు జూనియర్లున్నారు. తాగి నడిపిన కేసులంటే నా దగ్గరికే పంపిస్తారు. మిషన్ సర్టిఫికెట్ తేదీ దాటిందనో, కాగితంలో సంతకం లేదనో చాలానే గెలిచాను. గెలిచినాయన నా చెయ్యి పట్టుకుని ఊపేసి, మెట్లు దిగి బండి తీస్తాడు. నేను కోర్టు గేటు దగ్గర నిలబడి అతను ఎటు తిరుగుతాడో చూస్తాను. చూసుకుని, ఇంకో దారిన ఇంటికి పోతాను.