ఆ కుడి మూల ఇంకా చూడలేదు, సత్తన్నా

నిన్న పొద్దున పద్మ వదిన ఫోన్ చేసి "మీ అన్న లేడుర" అంది.

"యాడికి వోయిండు వదినా?" అని అడిగాను. అంత తెలివి నాది.

నిద్రలోనే గుండె ఆగిందట.

మా పెద్దనాన్న కొడుకు సత్తన్న. ఖటోదరా బట్టల మిల్లులో చీరల ప్రింట్ డిజైనర్. గోడాదరాలో మా గల్లీకి మాత్రం మ్యూజియం డైరెక్టర్. ఆ పదవి ఆయనకు ఆయనే ఇచ్చుకున్నాడు. పోటీకి ఎవరూ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టేవాడు. గోడకు ప్రింట్ వేయని తెల్ల చీర. ఎదురుగా సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్.

ఏదో యూరప్ మ్యూజియం వెబ్‌సైట్ తెరిచి, వందల ఏళ్ల నాటి పెళ్లి విందు పెయింటింగ్‌ను జూమ్ చేసేవాడు. వారానికి ఒక్క ముక్క. ఒక వారం గిన్నెలో ద్రాక్షపళ్లు. ఇంకో వారమంతా బల్ల కింద కుక్క.

మొదటి వారం పెళ్లికూతురి ముఖం పెద్దది చేయగానే, రంగు నిండా సన్నటి పగుళ్లు. లూమ్ నడిపే నర్సింలు మామ లేచి నిలబడ్డాడు.

"ఏందిర సత్తీ, గిట్ల డ్యామేజ్ మాల్ దెచ్చినవ్? సేఠ్ జూస్తే వాపస్ గొడ్తడు!"

"మామా, గది మీ తాతకు తాత పుట్టకముందు ఏసిన రంగు. అన్నేండ్లకు నీ మొఖం ఎట్లుంటదో జూస్తం గని, జర కూసో."

కూర్చున్నాడు. అప్పటి నుంచి ముందు వరుస మామదే.

రూల్ ఒక్కటే. "అందరం కలిసే జూడాలె. ముందే ఫోన్ల జూసినోనికి చాయ్ బంద్."

లింక్ మా గ్రూప్‌లోనే ఉంది. అయినా ఎవరూ చూడలేదు. వదిన చాయ్ అలాంటిది.

ఇక మిగిలింది కింద కుడి మూల. అంతా చీకటి. అక్కడున్నది మనిషో, తలుపో తెలియదు. ఈ ఆదివారం తేలుద్దామన్నాడు.

నిన్న శ్మశానం నుంచి వచ్చాక లింక్ మీదికి నా వేలు పోయింది.

"జూస్తున్నవార?" అన్నాడు మామ.

"లేదు మామా."

ఫోన్ జేబులో పెట్టేశాను.

"దినాలు గాకముందే గీ సినిమాలేంది?" అని ఇంట్లో ఒక పెద్దాయన అడ్డం పడ్డాడు.

వదిన కళ్లు తుడుచుకుంది. "సినిమా గాదు. ఆయన సగంల ఇడిసిన పని. గోడకు చీర నేనే కడ్త."

పెద్దాయన కండువా దులుపుకుని పక్కకు జరిగాడు.

కాబట్టి గల్లీవాసులారా, ఆదివారం షో ఉంది. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కనుక చాయ్ నర్సింలు మామ ఇంటి నుంచి వస్తుంది. రుచి గురించి ఫిర్యాదులు తీసుకోబడవు.

అన్నా, ఆ మూలలో ఎవరున్నా మేమే చెప్తాం. పైనుంచి నువ్వు ముందే చూసెయ్యకు.

చాయ్ బంద్.

నిమ్మళంగా పడుకో, సత్తన్నా.