దెబ్బలకు ఊడిన అతుకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గాజు వాల్వుల రేడియో ఒకటి ఉండేది. నాపరాళ్ల గనిలో పనిచేసే మా నాయనకు అదొక్కటే సరదా. పాడుతూ పాడుతూ ఆగిపోతే దాని నెత్తిన రెండు వేసేవాడు, పలికేది. బడిలో మా అయ్యవారు నాకూ అదే వైద్యం చేసేవాడు. బెత్తం ఎత్తితే ఎక్కం వచ్చేది, దించితే పోయేది. ఇంత వయసొచ్చినా ఆ బెత్తాన్ని నేను క్షమించలేదు. వీడికి చదువు రాదని ఆయన తేల్చేశాక, సోమవారం నుంచి నన్ను గనికి తీసుకుపోవాలని మా నాయన నిర్ణయించాడు.

ఆ సోమవారానికి ముందురోజే రేడియో మొండికేసింది. ఎన్ని దెబ్బలు వేసినా పలకలేదు. నాయన దాన్ని దుప్పటిలో మూటగట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, డోన్ స్టేషను దగ్గర రేడియోలు బాగుచేసే సాయిబు తాత దగ్గరికి పోయాడు.

తాత వెంటనే మూత విప్పలేదు. “ఏమప్పా, ఎప్పుడు ఆగిపోతాది ఇది? పెట్టిన ఎంటనేనా, శానాసేపు పాడినాంకనా?”

“నాకేం తెలుసు సాయిబూ? రెండేస్తే పలుకుతాండె. ఇప్పుడు అదీ లేదు.”

నా నోరు నాకే తెలియకుండా తెరుచుకుంది. “వేడెక్కినాంక ఆగుతాది తాతా. ఆగేముందు చిటపట అంటాది. సల్లారితే మళ్లీ పలుకుతాది.”

తాత మూత విప్పి, రేడియో పెట్టి, ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు. కరెంటున్న పెట్టెలో రెండో చెయ్యి పెట్టకూడదట. కుడిచేత్తో ఎండు వెదురుపుల్ల పట్టుకుని ఒక్కో అతుకునూ మెల్లగా తాకుతూ, “చిటపట యాడ వస్తాదో విను బేటా” అన్నాడు. ఐదోదో ఆరోదో తాకగానే “ఈడ!” అని అరిచాను. అక్కడ టంకం చుట్టూ వెంట్రుక మందాన పగులు.

“నీ దెబ్బలకే ఊడిండాదప్పా ఇది,” అన్నాడు తాత.

మా నాయన నవ్వాడు. “ఈడూ అంతే సాయిబూ. అయివారు కొడితే గానీ పలకడు.”

“మరి ఇప్పుడు ఎవురు కొట్టినారని పలికినాడు?”

నాయన నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. తాత ఆ పగులుకు కొత్త టంకం పెట్టి రేడియోను పలికించాడు.

తిరుగుదారిలో ఆయన రేడియో మూటను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. తర్వాత, “ఇంగా ఏమేమి తెలుసురా నీకు?” అన్నాడు. నా సంగతి నన్నే అడగడం అదే మొదలు. ఊరొచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. సోమవారం ఆయన ఒక్కడే గనికి పోయాడు.

రెండేళ్లకు కరువొచ్చి బడి ఎలాగూ ఆగింది. మిగతాదంతా నాకు నేనుగా చదువుకున్నదే. ఇప్పుడు వెనకాల పెద్ద గాజుగొట్టం ఉండే పాత కంప్యూటర్ మానిటర్లు బాగుచేస్తుంటాను. బొమ్మ వణికితే చాలు, జనం దాన్ని చరిచి చరిచి, ఇక పనికిరాదని తీర్పు కూడా చెప్పేసి తెస్తారు. ఒళ్లు మండుతుంది. అంతలో సాయిబు తాత గుర్తొస్తాడు. చిటపట ఎక్కడో వినమని, నా జవాబు కోసం ఆగిన మొదటి పెద్దమనిషి ఆయన. కోపం మింగి, మూత విప్పకముందే అడుగుతాను, వణికేది చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అని. పెద్దవాళ్లు అదంతా గమనించలేదంటారు. అప్పుడు వాళ్ల వెంట వచ్చిన పిల్లల వైపు తిరుగుతాను. వాళ్లు చెప్పేదాకా ఆగుతాను.