ఖాళీగా తిరిగిరాని క్యారియర్లు

లాక్‌డౌన్‌లో మెయ్‌నూత్‌లోని మా కాలేజీ మూసేశారు. నేవన్‌లో మా ఇంటి చిన్నగదిలో కూర్చుని నేను ఒక పాతకాలపు అమెరికా వర్తకుడి మీద థీసిస్ రాస్తున్నాను. ఆయనది ఫిలడెల్ఫియాలో పిండి వ్యాపారం. ఊళ్ళో విషజ్వరం పాకితే పారిపోకుండా బీదలకు రొట్టెలు పంచాడట. ఆయన దయ గురించి పేజీలకు పేజీలు రాశారు. భార్య గురించి ఒకే ముక్క: సహనశీలి. ఆ రొట్టెలు ఎవరు కాల్చారో ఎవరూ రాయలేదు.

నేను ఊహించగలను. అలాంటి వర్తకుడొకరు మా ఇంట్లోనే ఉన్నారు.

ఈ పరాయి దేశంలో నాన్నది ఇండియన్ కిరాణా కొట్టు. కరోనా సోకి ఇళ్ళలో చిక్కుకున్న ఇక్కడి మన తెలుగు నర్సులకు రోజూ భోజనం పంపడం మొదలుపెట్టాడు. పంపేది నాన్న, వండేది అమ్మ, గుమ్మం ముందు పెట్టి బెల్లు కొట్టి పరుగెత్తేది నేను. అంతవరకూ గ్రాండ్. చిక్కల్లా స్టీలు క్యారియర్లతోనే వచ్చింది.

మనవాళ్ళు ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగివ్వరు. జ్వరంతో లేవలేని మనిషి కూడా దగ్గుతూ లేచి, రవ్వకేసరి చేసి, క్యారియర్ నింపి గుమ్మంలో పెట్టేది. ఆ కేసరి తినాలంటే భయం. పారెయ్యడం పాపమని అమ్మ పారెయ్యనివ్వదు. ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం అనుమానితులకే కేటాయించాం.

అమ్మ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని చూసుకునే కేరర్. తను వైరస్ మోసుకెళ్తే అక్కడి పెద్దవాళ్ళు బతకరని ఆమె భయం. ఒకరోజు సింకు నిండా క్యారియర్లు చూసి గొంతు లేచింది.

"ఏవండీ, మీ పుణ్యం కోసం నేను ఆ ముసలాళ్ళని చంపాలా?"

"అదేంటే, వేన్నీళ్ళతో కడుగుతున్నాంగా."

"కడిగేది మీరు కాదుగా!"

నాన్న నావైపు తిరిగాడు. "ఏరా, మీ వర్తకుడి పెళ్ళాం కూడా ఇలాగే అరిచేదా?"

"సహనశీలి అని రాశారు నాన్నా. అంటే అరిచే ఉంటుంది."

మర్నాటినుంచి ప్లాస్టిక్ డబ్బాలు. తిరిగివ్వక్కర్లేదని నాన్న అందరికీ ఫోన్ చేసి చెప్పాడు. హమ్మయ్య అనుకుని థీసిస్ తెరిచానో లేదో, ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉన్న ఒక నర్సు డబ్బా లోపలికి తీసుకోలేదని తెలిసింది. అమ్మను డ్యూటీనుంచి తీసుకొస్తూ, కారు అద్దాలన్నీ దించుకుని, చలికి వణుకుతూ వాళ్ళింటికి వెళ్ళాం. ఆమె మేడమీది కిటికీ తెరిచింది.

"ఏమనుకోకండి అంకుల్. మాకు జీతాలొస్తున్నాయండి. ఊరికే తినే అలవాటు లేదు."

వెనకనుంచి పిల్లాడు, "మామ్, ఐయామ్ స్టార్వింగ్!"

నాన్న ముఖం వాడిపోయింది. క్యారియర్ ఉన్నన్నాళ్ళూ అది ఇచ్చిపుచ్చుకోవడం. ప్లాస్టిక్ డబ్బా వచ్చి దాన్ని ధర్మం చేసేసింది. ఇది ముందే తట్టడానికి నా ఎం.ఏ. ఏమీ పనికిరాలేదు.

వెనక సీట్లోంచి అమ్మ తల బయటపెట్టింది. "ఊరికే అని ఎవరన్నారమ్మా? తగ్గాక నువ్వు మాకు చేపల పులుసు పెట్టాలి. డబ్బాడు కాదు, కుండెడు."

కాసేపు దగ్గు. తర్వాత, "మామిడికాయ వెయ్యొచ్చా ఆంటీ?"

"వెయ్యి. కారం మాత్రం తగ్గించకు."

మేం గేటు దాటకముందే తలుపు తెరుచుకుంది, డబ్బా లోపలికి పోయింది.

కారు కాస్త దూరం వెళ్ళాక నాన్న గొంతు సవరించుకున్నాడు. "జనంతో ఎలా మాట్లాడాలో తెలియాల్రా."

అమ్మ మాత్రం రేపటికి కందిపప్పు చాలదు, కొట్టు దగ్గర ఆపమంది.